టెస్టర్ల మాట వింటే ఆటలో కొత్తదనం చస్తుందా?

గండికోట_కుర్రోడు:
కడపలో మేం ముగ్గురం కలిసి ఒక ఫోన్ గేమ్ చేస్తున్నాం. గండికోట మీద నుంచి పెన్నా లోయ దాటాలి. మ్యాప్ ఉండదు, గాలి శబ్దం విని దారి పట్టాలి. మా ఆటలో కొత్తది అదొక్కటే. మొన్న ఆదివారం హాస్టల్లో తొమ్మిది మంది జూనియర్లతో ఆడించాం. ఏడుగురు మ్యాప్ పెట్టమన్నారు. పెడితే ఇంక మా ఆటలో ఏముంటుంది?

ప్రొద్దుటూరు_బాషా:
అస్సలు వినొద్దు తమ్ముడూ. డెమన్స్ సోల్స్ అనే గేమ్ సంగతి తెలుసు కదా, 2009లో వచ్చింది. విడుదలకు ముందు సోనీ స్టూడియోల పెద్ద షుహెయ్ యోషిదా రెండు గంటలు ఆడి, మొదట్లోనే ఇరుక్కుపోయి, బాగాలేదని తేల్చేశాడు. అమెరికాలో సోనీ దాన్ని విడుదలే చేయలేదు, అట్లస్ అనే వేరే కంపెనీ చేసింది. ఇప్పుడు చూడు, ఆ బాణీలో ఎన్ని ఆటలో!

క్యూఏ_అక్క:
బాషా, ఆయన టెస్టర్ కాదు, బాస్. రెండూ కలపొద్దు. నేను ఆరేళ్లుగా టెస్టింగ్‌లోనే ఉన్నా. 2007లో వచ్చిన పోర్టల్ అనే గేమ్‌లో, ఒక లెవెల్లో పెట్టెను చివరిదాకా మోసుకుపోవాలి. టెస్టింగ్‌లో ఆడినవాళ్లు దాన్ని మధ్యలోనే వదిలేసి పోతుండేవాళ్లు. ఆ గేమ్ చేసిన వాల్వ్ కంపెనీ వాళ్లు పెట్టె తీసేయలేదు. దాని మీద గుండె బొమ్మ వేశారు, అది నీ తోడు అన్నట్టు మాటలు చేర్చారు. ఆ పెట్టె ఎంత ఫేమస్ అయిందో చెప్పక్కర్లేదు. గుండె బొమ్మ వేయమని ఏ టెస్టరూ అడిగి ఉండడు.

కర్నూలు_కిట్టు:
హాలో 3 అనే షూటింగ్ గేమ్‌కి కూడా అంతే. దాదాపు 600 మందితో 3,000 గంటలకు పైగా ఆడించి, ఎవరు ఎక్కడ చస్తున్నారో లెవెల్ మ్యాప్ మీద రంగుల్లో చూసుకున్నారు. నోటిమాట ఒక్కటే నమ్ముకోలేదు.

క్యూఏ_అక్క:
అదీ. తమ్ముడూ, వాళ్లు మ్యాప్ అడిగారు సరే, ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఆడారా?

గండికోట_కుర్రోడు:
ఇద్దరి దగ్గరే ఉన్నాయక్కా. మిగతావాళ్లు స్పీకర్లో పెట్టుకున్నారు. పైన ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది.

ప్రొద్దుటూరు_బాషా:
మ్యాప్ అడగనోళ్లు ఆ ఇద్దరేనా?

గండికోట_కుర్రోడు:
అవునన్నా. ఇప్పుడే వెలిగింది.

క్యూఏ_అక్క:
మ్యాప్ జోలికి పోకు. అట్లని ఇయర్‌ఫోన్లు కొనుక్కోండని జనానికి చెప్పి కూర్చోకు. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన ఆడేవాడికి నీ గాలి ఎట్లా వినపడుతుంది?

కర్నూలు_కిట్టు:
వైబ్రేషన్ వాడొచ్చు కదా? దారి తప్పేకొద్దీ ఫోన్ గట్టిగా వణకాలి. చేతికి తెలుస్తుంది.

గండికోట_కుర్రోడు:
ఇది బాగుందన్నా! రాత్రికి చేసి చూస్తా. బ్యాటరీ ఎంత తింటుందో ఏమో.

క్యూఏ_అక్క:
చూశావా బాషా, టెస్టింగ్ లేకపోతే ఈ ఐడియా వచ్చేదా?

ప్రొద్దుటూరు_బాషా:
నేనొప్పుకోనక్కా. అది ఫ్యాన్ ఇచ్చిన ఐడియా.