అప్‌డేట్: బాబును వేసవి క్యాంపుకు పంపాం

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే సమస్య) ఉన్న మా పద్నాలుగేళ్ల బాబును, వైకల్యం ఉన్నవారి కోసమే నడిపే, రాత్రులు కూడా అక్కడే ఉండే వేసవి క్యాంపుకు పంపవచ్చా అని ఇక్కడ అడిగాను. మేముండేది టెక్సాస్‌లో. ధైర్యం చెప్పినవారికీ, భయపెట్టినవారికీ ధన్యవాదాలు. పంపాం.

మంచం మీదికి ఎత్తే లిఫ్టు ఉందా, రాత్రి నర్సు ఉంటారా అని ముందే అడగమన్న సలహా బంగారం. రెండూ ఉన్నాయి. చేరిన రోజు నర్సు వారం మాత్రల పెట్టెను పక్కన పెట్టి, లేబుల్ ఉన్న అసలు సీసాలే కావాలన్నారు. అదృష్టం, అవి కారులోనే ఉన్నాయి. కరెంటు వీల్‌చెయిర్ తీసుకెళ్లేవారు ఛార్జరుతో పాటు చేత్తో తోసే కుర్చీ కూడా పెట్టుకోండి. చెరువు గట్టున అదే పనికొచ్చింది.

క్యాంపులో బాబుకు తాళ్లు కట్టి, కప్పీ మీద ఎక్కుడు గోడ పైకి లాగారట. పైన గంట కొట్టిన సంగతి తాతయ్యకు ఫోనులో రోజూ చెబుతున్నాడు. నాతో మాత్రం, "అమ్మా, వచ్చే ఏడాది రెండు వారాలు" అన్నాడు, అంతే.

"ఇలాంటి చోట పిల్లలు వేరుపడిపోతారు" అని రాసిన అన్నయ్యగారికి ఒక మాట. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటిదే అయిన క్యాంప్ జెనెడ్‌లో వేసవులు గడిపిన, వీల్‌చెయిర్ వాడే ఉద్యమకారిణి జూడీ హ్యూమన్ 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 504 ధర్నాను (వైకల్యం ఉన్నవారిపై వివక్షను నిషేధించే సెక్షన్ 504 అమలు కోసం జరిగింది) ముందుండి నడిపారు.

పెద్దవాళ్ల గురించి అడిగారు కదా: 18 దాటినవారికి ఇక్కడ వేరే వారాలున్నాయి. ఖర్చుకు మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వేవర్‌లో, అంటే ఇంటి దగ్గర ఉండేవారి సేవలకు డబ్బిచ్చే పథకంలో, రెస్పిట్ (చూసుకునేవారికి కాస్త విరామం) కింద డబ్బు వస్తుందేమో మీ కేస్ మేనేజర్‌ను అడగండి. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.