కుడి కిడ్నీలో పెద్ద పురుగు: కిడ్నీ మొత్తం తీసేయాలా, కోసి పురుగును మాత్రం తీయాలా?

కత్తెర_సూది:
వేరే కారణానికి చేసిన స్కాన్‌లో కుక్క కుడి కిడ్నీలో డయోక్టోఫైమ్ రెనాలే అనే పెద్ద కిడ్నీ పురుగు బయటపడిందనుకుందాం. ఎడమ కిడ్నీ చూడటానికి బాగానే ఉంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) హద్దులోనే ఉంది, కుక్క తింటోంది, తిరుగుతోంది. ఇప్పుడేం చేయాలి? నా మాట సూటిగా చెబుతాను: కుడి కిడ్నీ తీసేయాలి, వాయిదా వేయకూడదు. ఆడపురుగు మీటరు దాకా పెరుగుతుంది, మగది 45 సెం.మీ. దాకా. అంత జీవి లోపల మెసలుతుంటే కిడ్నీ కండ మిగలదు. స్కాన్‌లో కనబడేసరికి చాలా కుక్కల్లో ఉండేది తొక్కలాంటి ఒక సంచీ, అందులో నెత్తురు కలిసిన ద్రవం, చుట్టలు చుట్టుకున్న ఎర్రటి పురుగులు. దాన్ని అలాగే ఉంచితే చిట్లవచ్చు, యూరెటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) మూసుకుపోవచ్చు, బ్యాక్టీరియా చేరవచ్చు.

నెఫ్రాన్:
కత్తెర_సూది గారూ, ‘చాలా కుక్కల్లో’ అని మీరే అన్నారు. మిగతా వాటి సంగతేమిటి? పురుగు ఇంకా చిన్నదై, పెల్విస్ (కిడ్నీ లోపల మూత్రం చేరే గిన్నె) వరకే పరిమితమై, చుట్టూ కార్టెక్స్ (కిడ్నీ వెలుపలి కండ) మందంగా ఉండి, డాప్లర్ స్కాన్‌లో రక్తప్రవాహం చక్కగా కనిపిస్తే ఆ కిడ్నీ పని చేస్తున్నట్టే. దాన్ని తీసి పారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. నెఫ్రోటమీ, అంటే కిడ్నీని కోసి పురుగును మాత్రం తీయడం, ఉంది కదా. రక్తనాళాలను బుల్‌డాగ్ క్లాంపు అనే చిన్న పట్టుకారుతో ఆపి, కిడ్నీ ఉబ్బెత్తు అంచు మీద నిలువుగా కోసి, పురుగును తెగకుండా లాగి, పెల్విస్ కడిగి, సన్నటి కాథెటర్‌తో యూరెటర్ తెరిచి ఉందో లేదో చూసి, రెండు సగాలను చేత్తో 5 నిమిషాలు అదిమి పట్టి, 4-0 కరిగే దారంతో పైపొరను వరసగా కుట్టాలి. క్లాంపు 20 నిమిషాలు దాటకూడదు, అంతే.

కత్తెర_సూది:
ఆ ‘అంతే’ దగ్గరే నాకు పేచీ. కోత కోసిన చోట నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు) కొన్ని పోతాయి, రక్తం ఆపిన కాసేపటికి మరికొన్ని దెబ్బతింటాయి. పైగా కుట్టు పట్టాలంటే కండ ఉండాలి. పలచబడిన కిడ్నీలో దారం చీల్చుకుని వచ్చేస్తుంది, మూత్రం కడుపులోకి కారుతుంది. అప్పుడు రెండోసారి పొట్ట కోయక తప్పదు.

సెడిమెంట్:
మీరిద్దరూ కుడి కిడ్నీ గురించే మాట్లాడుతున్నారు. తేల్చాల్సింది ముందు ఎడమదాని సంగతి. క్రియాటినిన్ హద్దులో ఉందన్న మాటకు ఇక్కడ విలువ చాలా తక్కువ. మొత్తం నెఫ్రాన్లలో దాదాపు 75 శాతం పోతే గానీ అది పెరగదు. అంటే కుడిది పూర్తిగా పోయి, ఎడమదానిలో మూడో వంతు దెబ్బతిన్నా రిపోర్టు శుభ్రంగానే వస్తుంది. అందుకే ఎస్‌డీఎంఏ (కిడ్నీ పనితీరు చూపే ఇంకో రక్త పరీక్ష), మూత్రం సాంద్రత, ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ నాలుగూ చూడాలి. వీలుంటే అయోహెక్సాల్ అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చి యూరోగ్రఫీ (మూత్రమార్గపు ఎక్స్‌రే) చేస్తే ఏ వైపు రంగు ఎంత ఎక్కుతోందో కళ్లకు కనబడుతుంది. నీరు తగ్గిన కుక్కకు మాత్రం ముందు సెలైన్ పెట్టకుండా కాంట్రాస్ట్ ఇవ్వొద్దు.

మూత్ర పరీక్ష గురించి కూడా ఒక మాట. తాజా మూత్రం 5 మి.లీ. తీసుకుని, సెంట్రిఫ్యూజ్‌లో 1500 ఆర్‌పీఎం మీద 5 నిమిషాలు తిప్పి, అడుగున దిగినది చూడండి. గుడ్డు 60–80 మైక్రాన్ల పొడవు, గోధుమ పసుపు రంగు, మందమైన పెంకు మీద గుంటలు, రెండు కొనలు మాత్రం నున్నగా ఉంటాయి. మూత్రాశయంలో ఉండే కాపిలేరియా అనే వేరే పురుగు గుడ్డుకు రెండు కొనల్లో బిరడాలుంటాయి, రంగు ఉండదు, ఇంకా సన్నం. ఈ రెంటినీ కలిపేసి కిడ్నీ ఆపరేషన్ దాకా వెళ్లకూడదు. గుడ్లు కనబడలేదంటే పురుగు లేదని కూడా కాదు. ఉన్నది మగపురుగే కావచ్చు, ఇంకా ఎదగనిది కావచ్చు, యూరెటర్ మూసుకుని ఉండొచ్చు, లేదా పురుగు కిడ్నీలో కాక పొట్ట కుహరంలో తిరుగుతుండొచ్చు.

వాగు_గట్టు:
ఆపరేషన్‌కు ముందు ఫెన్‌బెండజోల్, ఐవర్‌మెక్టిన్ లాంటి పురుగుల మందులు ప్రయత్నించి చూడటంలో తప్పేముంది? పనిచేస్తే కత్తి అవసరం ఉండదు.

సెడిమెంట్:
తప్పు ఉంది, వాగు_గట్టు గారూ. ఈ పురుగు మీద పనిచేస్తుందని రుజువైన మందు లేదు. ఒకవేళ చచ్చిందే అనుకోండి, అర మీటరు పురుగు ఎటు పోతుంది? యూరెటర్‌లోంచి రాదు. లోపలే కుళ్లి, ముక్కలై, దారి మూస్తుంది. కోలీ జాతి కుక్కల్లో ఎండీఆర్1 జన్యులోపం ఉంటే పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ మెదడును దెబ్బతీస్తుంది, అది వేరే ప్రమాదం. మందు పేరుతో పోయే వారాలు ఆ కిడ్నీకి తిరిగి రావు.

నెఫ్రాన్:
మందు విషయంలో సెడిమెంట్ గారితో ఏకీభవిస్తాను. ఎడమ కిడ్నీ మీద ఆయన చెప్పినదాంతో నా వాదనకే బలం వస్తోంది. ఎడమది అంతంతమాత్రమని తేలితే కుడిదానిలో మిగిలిన కాస్త కండా విలువైనదే. రెండు కిడ్నీల్లోనూ పురుగులుంటే నెఫ్రోటమీ తప్ప గత్యంతరం లేదు. అదీ రెండూ ఒకే రోజు చేయకూడదు.

కత్తెర_సూది:
రెండు వైపులా ఉంటే సరే, ఒప్పుకుంటాను. ఎడమది బలహీనమై, కుడిదానిలో కండ ఉన్నా సరే. కానీ కుడిది ఖాళీ సంచీ అయ్యాక కూడా ‘ఉంచి చూద్దాం’ అనేవాళ్లున్నారు. నా అభ్యంతరం వాళ్లతోనే. దానివల్ల కుక్కకు చుక్క మూత్రం తయారు కాదు.

తీసేటప్పుడు చేతికి తెలియాల్సినవి రాస్తాను. ఛాతీ ఎముక కొన దగ్గర్నుంచి కోత బారుగా తీసుకోండి. చిన్న కోతలోంచి ఈ పని జరగదు. డ్యుయోడినమ్‌ను (చిన్నపేగు మొదటి భాగాన్ని) ఎడమకు ఎత్తితే దాని మెసెంటరీయే (పేగును పట్టి ఉంచే పొరే) పేగులన్నిటినీ పక్కకు ఆపుతుంది, కిడ్నీ కనబడుతుంది. అసలు గండం కాడల్ వీనా కేవా అనే పెద్ద సిర. వాపు వల్ల కిడ్నీ పైపొర దానికి, కాలేయపు కాడేట్ భాగానికి, డ్యుయోడినమ్‌కు అంటుకుపోయి ఉంటుంది. బలంగా లాగితే సిర చిరుగుతుంది. విడదీయడం కుదరకపోతే పైపొరను అక్కడే వదిలి లోపలి నుంచి ఒలుచుకు రండి. ధమనిని ముందు కట్టాలి, సిరను తర్వాత, రెంటినీ విడివిడిగా. యూరెటర్‌ను మూత్రాశయం దగ్గరి దాకా తీసుకెళ్లి కట్టండి, మొండి ముక్క మిగలనివ్వకండి. సంచీ చిట్లితే గుడ్లు పొట్టలో పడి పెరిటొనియం (పొట్ట లోపలి పొర) మీద గడ్డలు కడతాయి. అందుకని ముందే చుట్టూ తడి గుడ్డలు పేర్చండి, చివర్లో గోరువెచ్చని సెలైన్‌తో బాగా కడగండి. కిడ్నీ తీశాక పని అయిపోయిందనుకుని పొట్ట మూసేయొద్దు. కాలేయపు మడతల మధ్య, ఓమెంటంలో (పేగుల మీది కొవ్వు పొరలో) వెతకండి, అక్కడ ఇంకో పురుగు ఉండొచ్చు.

వాగు_గట్టు:
గుండె జబ్బున్న ముసలి కుక్క అయితే?

నెఫ్రాన్:
అక్కడ మత్తు ప్రమాదం పురుగు ప్రమాదాన్ని మించవచ్చు. అప్పుడు ఆగడం న్యాయమే, గాలికి వదిలేయడం మాత్రం కాదు. మూత్రంలో నెత్తురు, నొప్పి, జ్వరం, స్కాన్‌లో యూరెటర్ ఉబ్బడం, వీటిలో ఒక్కటి కనబడినా మళ్లీ ఆలోచించాలి. ఆ కుక్క మూత్రం వాగుల్లో, చెరువుల్లో కలవకుండా చూడాలి. గుడ్లు నీళ్లలోనే ఎదుగుతాయి, అక్కడి లుంబ్రిక్యులస్ అనే సన్నటి వానపాము జాతి పురుగులోకి చేరి, దాన్నుంచి చేపల్లోకి, కప్పల్లోకి పోతాయి. ఇంట్లో మనుషులకు ఆ మూత్రం నుంచి నేరుగా అంటదు. పచ్చి చేప, ఉడకని కప్ప తింటేనే ముప్పు. కుక్కకైతే ఆ సన్నటి పురుగును నీళ్లతో పాటు మింగినా ముప్పే.

సెడిమెంట్:
ఆపరేషన్ అయ్యాక మొదటి రోజు మూత్రం గంటకు కిలోకు 1–2 మి.లీ. వస్తోందా అని కొలవండి. నొప్పికి మెలాక్సికామ్ లాంటి వాపు తగ్గించే మందులు ఈ కుక్కకు ఇవ్వొద్దు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) వాడండి. కొన్ని వారాలకు మూత్రం మళ్లీ తిప్పి చూడండి. అప్పటికీ గుడ్లు వస్తుంటే ఎడమ కిడ్నీలోనూ పురుగు ఉన్నట్టే. ఇక అక్కడ కిడ్నీ తీసే మాటే ఉండదు, నెఫ్రాన్ గారు చెప్పిన కోతే దిక్కు.