చిమ్నీ సెన్సర్ కేబుల్ షీల్డ్: ఎర్త్ ఒక్క దిక్కా, రెండు దిక్కులా?

ఊక_బాయిలర్:
మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. చిమ్నీ ప్లాట్‌ఫాం మీద డస్ట్ సెన్సర్ మాడ్యూల్, అక్కడి నుంచి ప్యానెల్ రూం దాకా 90 మీటర్ల కేబుల్. సప్లై 24 వోల్టుల డీసీ. హీటర్ ఆన్ అయితే 1.5 ఆంపియర్లు గుంజుతది, 18 వోల్టుల కిందికి పోతే మాడ్యూల్ పనిచెయ్యదు. డేటా ఆర్ఎస్-485 మోడ్‌బస్ (ఏ, బీ అనే రెండు వైర్ల మీద పోయే డేటా లైన్), స్పీడ్ 9600 బాడ్. ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగను చిమ్నీలకు గుంజే ఫ్యాన్) వీఎఫ్‌డీ, అంటే మోటర్ స్పీడ్ మార్చే డ్రైవ్, స్పీడ్ ఎక్కంగనే డేటా తెగిపోతున్నది. కేబుల్ షీల్డ్‌ను (వైర్ల చుట్టూ ఉండే లోహపు పొరను) రెండు దిక్కులా ఎర్త్ చెయ్యమని కాంట్రాక్టర్, ప్యానెల్ దిక్కే అని సెన్సర్ ఇచ్చినోళ్లు. ఎవరి మాట వినాలె?

వాడపల్లి_ఇన్‌స్ట్రుమెంట్:
ప్యానెల్ దిక్కే. మోడ్‌బస్ సీరియల్ లైన్ గైడ్ కూడా ఒక్క చోటే అంటది. చిమ్నీ కింద పిడుగు కోసం తీసిన ఎర్త్ పిట్ వేరు, ప్యానెల్ పిట్ వేరు. రెండు చివర్లు కట్టిన్రంటే ఆ రెండు పిట్ల నడుమ వోల్టేజ్ తేడాతోటి వచ్చే కరెంటంతా షీల్డ్‌కు ఆనుకొని ఉండే సన్నటి డ్రైన్ వైరు గుండానే పోతది. మాడ్యూల్ దిక్కు డ్రైన్ వైరు కత్తిరించి హీట్ ష్రింక్ వెయ్యండి. చాలా చోట్ల అది ఇత్తడి గ్లాండ్‌కు (కేబుల్ మాడ్యూల్ లోపలికి పోయే చోట బిగించే ముక్కకు) తగిలి ఉంటది, తెలియకుండనే రెండు దిక్కులా ఎర్త్ అయితది.

పాలమూరు_ఆటోమేషన్:
ఒప్పుకోను. ఒక్క చివర ఎర్త్ కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ముకు సరిపోతుంది. వీఎఫ్‌డీ స్విచింగ్ కిలోహెర్ట్జుల్లో ఉంటుంది, ఆ పల్సుల అంచుల్లో మెగాహెర్ట్జుల నాయిస్ వస్తుంది. దానికి 90 మీటర్ల షీల్డ్ వదిలేసిన చివర యాంటెన్నాయే. మోడ్‌బస్ లాంటి మరో డేటా లైన్ పద్ధతి ప్రొఫీబస్‌లో షీల్డ్‌ను రెండు వైపులా కట్టమనేది ఊరికే కాదు.

వాడపల్లి_ఇన్‌స్ట్రుమెంట్:
అన్నా, అదే ప్రొఫీబస్ వాళ్లు ఎర్తుల మధ్య తేడా ఉంటే పక్కన రెండు ఎర్తులను కలిపే బాండింగ్ కేబుల్ కూడా వెయ్యమన్నరు. మిల్లులల్ల ఆ రాగి తీగకు పైసలు పెట్టేదెవరు? అంతగా కావాలంటే చిమ్నీ దిక్కు షీల్డ్‌కు, ఎర్త్‌కు నడుమ 10 నానోఫారడ్ల కెపాసిటర్ పెట్టుకోవచ్చు. హై ఫ్రీక్వెన్సీకి దారి దొరుకుతది, 50 హెర్ట్జ్ కరెంటుకు దాదాపు దొరకదు.

ట్రే_మాస్టర్:
షీల్డ్ మీద కొట్లాట సరే, కేబుళ్లు పరిచిన ట్రే ఎట్లుందో ఎవరూ అడగలే. ఫ్యాన్ మోటర్ కేబుల్, డేటా కేబుల్ ఒకే ట్రేల పోతున్నయా? కనీసం 300 ఎంఎం ఎడం ఉండాలె, దాటాల్సిన చోట అడ్డంగా 90 డిగ్రీలల్ల దాటాలె. మోటర్ కేబుల్ షీల్డ్ మాత్రం డ్రైవ్ దగ్గర, మోటర్ దగ్గర రెండు చోట్లా కట్టాలె, అండ్ల చర్చ లేదు. ఏ, బీ డేటా వైర్ల తోటి కామన్ (జీరో వోల్ట్) వైరు కూడా గుంజిన్రా? ఆర్ఎస్-485 రిసీవర్ మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకే తట్టుకుంటది. రెండు దిక్కుల జీరో వోల్ట్ అంతకు మించి జరిగితే షీల్డ్ ఎంత మంచిదైనా ఫాయిదా లేదు.

ముందుగాల పవర్ బంద్ చేసి ఏ-బీ మధ్య ఓమ్‌లు చూడండి. లైన్ రెండు చివర్ల 120 ఓమ్‌ల టర్మినేషన్ రెసిస్టర్లు ఉంటే 60 దరిదాపు రావాలె. తర్వాత ఫ్యాన్ నడిపి చిమ్నీ ఫ్లాంజికి, ప్యానెల్ ఎర్త్ బార్‌కు నడుమ ఏసీ వోల్టులు కొలవండి. ఒక వోల్ట్ దాటితే రెండు దిక్కులా కట్టకండి.

ఊక_బాయిలర్:
ఏ-బీ 40 ఓమ్‌లు. ఫ్లాంజి, ఎర్త్ బార్ నడుమ 3.4 వోల్టులు. ట్రే ఒక్కటే. సప్లై వైరు 0.75 స్క్వేర్ ఎంఎం.

ట్రే_మాస్టర్:
40 అంటే మూడో టర్మినేషన్ ఉన్నట్టు. అదే లైన్ మీద నడుమల ఏ ఎనర్జీ మీటర్ల టర్మినేషన్ డిప్ స్విచ్చో (చిన్న సెట్టింగ్ స్విచ్చి) ఆన్‌ల ఉంటది, ఆఫ్ చెయ్యండి. సప్లై వైరు కూడా మార్చాలె: 0.75కు కిలోమీటరుకు 26 ఓమ్‌లు, పోను రాను 180 మీటర్లంటే 4.7 ఓమ్‌లు. హీటర్ ఆన్ అయితే 7 వోల్టులు అండ్లనే పోయి మాడ్యూల్‌కు 17 మిగులుతది. 2.5 వేస్తే 2.2 వోల్టులే పోతది. 24 వోల్టులిచ్చే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) వోల్టేజ్ పెంచి సర్దకండి, హీటర్ ఆఫ్ అయితే ఆ పెంచిందంతా మాడ్యూల్ మీదికొస్తది. చిమ్నీకి ఆనే చోట మామూలు పీవీసీ కేబుల్ 70 డిగ్రీలకు మించి నిలవదు, సిలికాన్ కేబుల్ వెయ్యండి. గ్లాండ్ మూతి కింది దిక్కు ఉండాలె, వాన నీళ్లు లోపలికి జారకుండ కేబుల్‌ను కొంచెం వంచి వదలండి.

పాలమూరు_ఆటోమేషన్:
3.4 వోల్టులుంటే ఇప్పటికి ఒక్క దిక్కే కట్టండి, అది ఒప్పుకుంటా. కానీ ఆ 3.4 ఎక్కడిది? వీఎఫ్‌డీ నుంచి మోటర్ బాడీకి ఎర్త్ కండక్టర్ తిన్నగా పోయిందా, లేక స్ట్రక్చర్ మీదికి వదిలేశారా చూడండి. దాన్ని సరిచేయకుండా షీల్డ్ చివర కత్తిరిస్తే ఇవాళ డేటా వస్తుంది, దారి తప్పిన ఆ కరెంటు బేరింగుల గుండా పోయి ఫ్యాన్ బేరింగులు మాత్రం పోతూనే ఉంటాయి.