ప్రోలు తిట్టిన కోర్సు నిజంగా చెడ్డదేనా?

లింక్స్‌ప్రేమి:
గోల్ఫ్ కోర్సు డిజైన్ మీద ప్రోలు, అంటే వృత్తి ఆటగాళ్ళు, చెప్పేదానికి ఎంత విలువ ఇవ్వాలి? టోర్నమెంట్ మొదలైన గురువారం సాయంత్రానికి ఎవరో ఒకరు మైకు ముందు కోర్సుని ఉతికి ఆరేస్తారు, ఆదివారం కప్పు ఎత్తినవాడికి అదే కోర్సు అద్భుతం. 1970 యూఎస్ ఓపెన్లో డేవ్ హిల్ అనే ప్రో హేజల్‌టీన్ కోర్సుని పట్టుకుని, దీనికి తక్కువైనవల్లా 80 ఎకరాల మొక్కజొన్న, కొన్ని ఆవులు అన్నాడు. 150 డాలర్లు ఫైన్ పడింది. అప్పుడతను వెనకబడి లేడు, చివరికి రెండో స్థానంలో నిలిచాడు, కాబట్టి ఓటమి ఏడుపు అనలేం. మీరు ఏ ప్రో మాట నమ్ముతారు? మాజీ ఛాంపియన్లకి డిజైన్ అప్పగించడం మంచిదేనా? పొడవు పెంచుకుంటూ పోవడం సంగతేంటి?

డ్రామాస్టర్:
ఛాంపియన్లకి డిజైన్ అప్పగించడం మీద నా జవాబు, మంచిది కాదు. మాజీ ఛాంపియన్ జాక్ నిక్లస్ మొదట్లో కట్టిన కోర్సులు చూడండి, ఎత్తుగా లేచి ఎడమ నుంచి కుడికి తిరిగే బంతికి గ్రీన్లు (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఒళ్ళు పరిచి ఉంటాయి, అది ఆయన కొట్టే షాట్, ఫేడ్. నాది డ్రా, దానికి ఎదురు దిక్కుకి తిరుగుతుంది. ఆయన కోర్సు ఆడిన ప్రతిసారీ నా మంచి షాట్ బంకర్లో, ఆ ఇసుక గోతిలో, పడుతుంది, పక్కవాడి చెత్త ఫేడ్ హోల్ జెండా దగ్గర ఆగుతుంది. తర్వాత మారాడు అంటారు, మారి ఉండొచ్చు, నేను ఆడేవి మాత్రం పాతవే.

ఐరన్‌సెవెన్:
అదే నిక్లస్ సాగ్రాస్ కోర్సు కొత్తలో ఏమన్నాడో గుర్తుందా, కారు బానెట్ మీద ఫైవ్ ఐరన్ షాట్ ఆపడం నాకెప్పుడూ సరిగ్గా రాలేదు అని. దాన్ని డిజైన్ చేసిన పీట్ డై గ్రీన్ల మీద అందరూ గోల పెట్టారు, 1982లో అక్కడ జరిగిన మొదటి ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచిన జెర్రీ పేట్ అయితే డైనీ పీజీఏ టూర్ కమిషనర్ బీమన్‌నీ చెరువులోకి తోసి తనూ దూకాడు. తర్వాత గ్రీన్ల వాలు తగ్గించారు. అంటే ప్రోలు చెప్పింది నిజమేగా, వినకపోతే ఆ కోర్సు ఇప్పటి పేరు తెచ్చుకునేదా?

లింక్స్‌ప్రేమి:
వాలు తగ్గించారు సరే, 17వ హోల్ చుట్టూ నీళ్ళు మాత్రం తీయలేదు కదా! 137 గజాల హోల్‌కి అంత భయపడేది అది వదిలేయలేదు కాబట్టే.

సుజాత_పార్3:
ఆ నీళ్ళ ఆలోచన ఎవరిదో ఎవరూ చెప్పరేం? పీట్ డై భార్య ఆలిస్ డైది. మంచి ఇసుక కోసం గ్రీన్ చుట్టూ తవ్వుకుంటూ పోతే పెద్ద గొయ్యి మిగిలింది, నీళ్ళు నింపేయమంది ఆవిడ. ఆడవాళ్ళకి ముందు టీలు (మొదటి షాట్ కొట్టే చోట్లు) సరైన దూరంలో పెట్టమని ఏళ్ళ తరబడి పోరాడింది కూడా ఆవిడే. ప్రోల అభిప్రాయం అనగానే మగవాళ్ళ ఇంటర్వ్యూలే గుర్తొస్తాయి మీకు. నాకు ఇప్పటికీ చాలా చోట్ల ముందు టీ అంటే మట్టి కొట్టుకుపోయిన ఒక మూల, లక్ష్యానికి కాకుండా చెట్ల వైపు తిరిగి ఉంటుంది.

పచ్చగడ్డి:
ప్రోల మాట నమ్మకండి, 2015లో చేంబర్స్ బే కోర్సులో జరిగిన యూఎస్ ఓపెన్ చాలు సాక్ష్యం. స్టెన్సన్ బ్రోకలీ మీద పట్ చేసినట్టుంది (గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించినట్టుంది) అన్నాడు, మెక్ల్‌రాయ్ కాదు కాలీఫ్లవర్ అన్నాడు, గ్యారీ ప్లేయర్ టీవీలో ఏకంగా విషాదం అన్నాడు. ఇదంతా డిజైన్ మీదా? కాదు! గడ్డి మీద. నేను కోర్సు గడ్డి పెంచే పనిలోనే బతుకుతున్నా, ఇక్కడ గ్రీన్ మీద మోకాళ్ళేసి గడ్డి విడదీసి చూసినవాళ్ళు ఎంతమంది చెప్పండి. అక్కడ వేసింది ఫెస్క్యూ, నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్ళు తక్కువ చాలు. మధ్యలో పోవా అనే ఇంకో గడ్డి జొరబడింది, అది పొద్దున కోసినా మధ్యాహ్నానికి విత్తనపు కంకులు తన్నుకొస్తాయి. ఒకే గ్రీన్ మీద రెండు రకాల ఎత్తు, బంతి గెంతక ఏం చేస్తుంది.

డ్రామాస్టర్:
గడ్డి డిజైన్లో భాగం కాదా? ఫెస్క్యూ వెయ్యాలని నిర్ణయించింది ఎవరు, ఆకాశం నుంచి ఊడిపడిందా?

పచ్చగడ్డి:
మీరు అసలు చదవకుండా రాస్తున్నారు. గట్టి నేల, దొర్లే బంతి, దానికి ఫెస్క్యూనే సరైనది, స్కాట్లాండ్‌లో అదే కదా. పోవా వచ్చింది వాతావరణం వల్ల, జనం తొక్కుడు వల్ల.

డ్రామాస్టర్:
అలాంటి వాతావరణం అని ముందే తెలుసు కదా. తర్వాత గ్రీన్లన్నీ పోవాకే మార్చేశారు, అంటే తప్పు ఒప్పుకున్నట్టే. డస్టిన్ జాన్సన్ చివరి గ్రీన్ మీద 12 అడుగుల నుంచి మూడు పట్‌లు కొట్టాడు, ఒక్క స్ట్రోక్ తేడాతో పోయింది. ఆయనకి వెళ్ళి చెప్పండి మీ వాతావరణం సంగతి.

పచ్చగడ్డి:
అదే గ్రీన్ల మీద ఆడి స్పీత్ గెలవలేదా? గ్రీన్ వదిలెయ్యండి, 18వ హోల్ పార్ 4గా (నాలుగు షాట్‌లలో ముగించాల్సిందిగా) పెట్టిన రోజు అర్థం లేదని స్పీత్ కూడా మొత్తుకున్నాడు, అది డిజైన్ విమర్శ, అది నేను ఒప్పుకుంటా. గడ్డి సంగతి తెలియకుండా గడ్డి మీద మాట్లాడొద్దు అంటున్నా అంతే.

ఐరన్‌సెవెన్:
ఇద్దరూ కాస్త ఆగండి బాబూ. పొడవు గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. మాస్టర్స్ జరిగే అగస్టా కోర్సు 2002లో ఒక్కసారే 6,985 నుంచి 7,270 గజాలకి పోయింది, 13వ హోల్ 2023లో 510 నుంచి 545 అయింది. పొడుగ్గా కొట్టేవాడిని ఆపాలని పెంచుతారు, నష్టపోయేది పొట్టిగా కొట్టేవాడు. బంతి పోయే దూరాన్నే నియమం పెట్టి తగ్గించాలి. మెక్ల్‌రాయ్ ఒప్పుకున్నాడు, జస్టిన్ థామస్ మండిపడ్డాడు, నేను మెక్ల్‌రాయ్ పక్షం.

బంకర్‌బాధితుడు:
బంతి జోలికి రావొద్దు! నాకున్న గజాలే తక్కువ, అవి కూడా లాక్కుంటారా. ఒక ఆదివారం ఆటగాడికి ఈ నియమం ఎందుకు? ప్రోల సమస్య ప్రోలు చూసుకోవాలి. అసలు బంకర్లు కష్టం చేస్తే చాలు. 2006లో మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ కోర్సులో నిక్లస్, ఇసుక సవరించే పళ్ళ కర్రల్లో పళ్ళు దూరంగా ఉన్నవాటితో, బంకర్ ఇసుకలో చాళ్ళు తీయిస్తే వీళ్ళంతా ఎంత గొడవ చేశారు, బంకర్ అంటే మళ్ళీ భయం రావాలన్నది ఆయన ఉద్దేశం, అందులో అన్యాయం ఏముంది?

సుజాత_పార్3:
చాళ్ళ మధ్య బంతి పడితే అది అదృష్టమే, నైపుణ్యం కాదు, అదే ప్రోల బాధ. పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు చూడండి. డిజైనర్లు కూర్, క్రెన్‌షా కలిసి రఫ్ (పక్కన పొడుగ్గా పెంచే గడ్డి) మొత్తం పీకేసి ఇసుకా గడ్డి దుబ్బులూ తిరిగి తెచ్చారు. క్రెన్‌షా రెండు మాస్టర్స్ గెలిచిన మనిషి, కాబట్టి ఛాంపియన్ డిజైన్ చేయకూడదన్న మాట నిలబడదు. 2014లో మగవాళ్ళ యూఎస్ ఓపెన్ కైమర్ గెలిచాడు, మరుసటి వారం అదే కోర్సులో ఆడవాళ్ళది మిషెల్ వీ గెలిచింది. టీలు మార్చారు, అంతే, రెండింటికీ నిలిచింది.

డ్రామాస్టర్:
క్రెన్‌షా వేరు అండీ, ఆయన పాత కోర్సుల చరిత్ర తవ్వుకునే మనిషి. నేనన్నది తన షాట్‌కి తగ్గట్టు కట్టేవాళ్ళని.

లింక్స్‌ప్రేమి:
పాతకాలపు ఛాంపియన్ బాబీ జోన్స్ సంగతి తీసుకుందాం. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో 11వ హోల్ దగ్గర విసుగొచ్చి ఆట వదిలేశాడు. 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1958లో ఆ ఊరు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఈలోగా డిజైనర్ మకెంజీతో కలిసి అగస్టా కట్టాడు, వెడల్పైన ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా కోసిన గడ్డి దారులు), గ్రీన్ మీద అసలు పరీక్ష. అందుకే ఒక ఆటగాడు మొదటి వారం చెప్పిన మాటని నేను పట్టించుకోను, పదేళ్ళ తర్వాత చెప్పింది వింటా.

పచ్చగడ్డి:
పదేళ్ళలో గడ్డి మారిపోతుంది, అది కూడా లెక్కేసుకోండి.

బంకర్‌బాధితుడు:
సుజాత గారూ, మీ ముందు టీ సంగతి కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చారా? మా దగ్గర నోటిమాటగా చెప్తే ఏళ్ళు గడిచాయి, కొలతలతో కాగితం ఇచ్చాకే కదిలారు.