నెత్తికి కరెంట్ పెడితే జ్ఞాపకశక్తి గుట్టు తెలుస్తుందా?

హన్మకొండ_చదువరి: గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాను. మా రూమ్మేట్ నుదుటికి పెట్టుకుని మెదడుకు సన్నటి కరెంట్ ఇచ్చే టీడీసీఎస్ పరికరం కొంటానంటున్నాడు. ఒకటి రెండు మిల్లీయాంపుల కరెంట్‌తో వర్కింగ్ మెమరీ (విషయాన్ని కాసేపు మనసులో పట్టి వాడుకునే శక్తి) పెరుగుతుందని 2005లోనే తేలిందట. నిజమేనా?

కాజీపేట_అక్క: అది ఫ్రెగ్ని అనే పరిశోధకుడి బృందం చేసిన ప్రయోగం. 15 మందికి ఎడమ నుదుటి వైపు 1 మిల్లీయాంపు, 10 నిమిషాలు. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, ఇప్పుడు కనిపించిందే మూడు అక్షరాల ముందు కూడా వచ్చిందా అని చెప్పాలి. కరెంట్ పెట్టినప్పుడు బాగా చెప్పారు. కానీ 2015లో హోర్వాత్ అనే పరిశోధకుడి బృందం వాళ్లు ఇలాంటి ఒక్క సెషన్ ప్రయోగాలన్నీ కలిపి చూస్తే నికరంగా ఏమీ మిగల్లేదు. అసలు ఆ కరెంట్‌లో చాలా భాగం చర్మం, పుర్రె దగ్గరే పక్కకు పోతుంది.

నర్సంపేట_ఇంజనీర్: అక్కా, హోర్వాత్ లెక్క కట్టిన తీరు మీద కూడా విమర్శలొచ్చాయి గదా! ఇంకో మాట. స్కానింగ్‌లో మెదడులో ఒక భాగం వెలిగినంత మాత్రాన జ్ఞాపకానికి అదే కారణమని చెప్పలేం. 1985లో బార్కర్ షెఫీల్డ్‌లో చూపించిన టీఎంఎస్ అయస్కాంతంతో ఆ భాగాన్ని కాసేపు చెదరగొడితే, పని చెడిందో లేదో తెలుస్తుంది. మనిషి తల తెరవకుండా ఇది ఇంకెట్లా తేలుతుంది?

కాజీపేట_అక్క: టీఎంఎస్ సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ అది టక్‌టక్ మంటుంది, నెత్తి మీద తట్టినట్టు ఉంటుంది. పోల్చి చూడటానికి ఉత్తుత్తిది పెడితే మనిషికి తెలిసిపోతుంది. టీడీసీఎస్‌లో అయితే ఉత్తుత్తిదానికి అర నిమిషం చురచురలాడించి ఆపేస్తారు. అయినా 2 మిల్లీయాంపుల దగ్గర కొందరు పసిగడతారు.

ములుగు_మామ: మీ కొట్లాట బాగుంది గాని, పిల్లగాడు అడిగింది కొనాలా వద్దా అని.

నర్సంపేట_ఇంజనీర్: కొనొద్దు మామా. ల్యాబ్‌లో తల కొలిచి, ఉప్పునీళ్ల స్పాంజి సరిగ్గా పెడతారు. ఎండిపోతే చర్మం కాలుతుంది. 2013లో కోహెన్ కడోష్ అనే పరిశోధకుడి బృందం వాళ్లు కొత్త అంకెల గుర్తులు నేర్పిస్తూ చూస్తే, తల మీద ఒక చోట పెట్టిన కరెంట్‌కు నేర్చుకోవడం పెరిగి, నేర్చుకున్నది తడుముకోకుండా వాడటం తగ్గింది. ఇంకో చోట తారుమారైంది. పరీక్ష రాసేవాడికి రెండూ కావాలి. అయితే పరిశోధనకు పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను. 2019లో రైన్‌హార్ట్ బృందం 60 దాటినవాళ్లకు మెదడు లయకు తగ్గట్టు కరెంట్ ఇస్తే వర్కింగ్ మెమరీ యువకుల దరిదాపుల్లోకి వచ్చింది, ఆపాక కూడా 50 నిమిషాలు నిలిచింది.

కాజీపేట_అక్క: నిలిచింది సరే. అదే పద్ధతితో వేరే ల్యాబుల్లోనూ వస్తుంటే చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం.