రెండు లక్షల కిలోమీటర్లకి దగ్గరపడ్డ బండి: గ్యాస్కెట్లన్నీ ముందే మార్చేయాలా?

రాజోలు_ఐ10:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2011 మోడల్ ఐ10, 1.1 పెట్రోల్, 1,80,000 కిలోమీటర్లు దాటింది. అమ్మని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, చెల్లి వాళ్లింటికి భీమవరం వెళ్లాలన్నా ఇదే దిక్కు, దారిలో ఆగిపోతే ఎలా అని నా టెన్షన్. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపల క్రాంక్‌తో పాటు క్యామ్‌ని తిప్పే బెల్ట్) కోసం షెడ్డుకి తీసుకెళ్తే, ఎలాగూ విప్పుతున్నాం కదా, హెడ్ గ్యాస్కెట్‌తో (ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే ప్యాకింగు) సహా ప్యాకింగులన్నీ, అంటే గ్యాస్కెట్లన్నీ, కొత్తవి వేసేద్దాం, ఇంత తిరిగిన బండికి ఎప్పుడైనా పోతాయి అంటున్నారు. బండి ఎప్పుడూ వేడెక్కలేదు, పికప్ బాగానే ఉంది. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచు పొడవునా మాత్రం జిడ్డు పట్టి, దానికి దుమ్ము అంటుకుని నల్లగా అట్టకట్టింది. ఖర్చుకి వెనకాడను గానీ, బాగున్నదాన్ని విప్పించి పాడు చేసుకుంటానేమోనని భయం. మీరైతే ఏం చేస్తారు?

మండపేట_షెడ్డు:
హెడ్ జోలికి వెళ్లకండి. టైమింగ్ బెల్ట్ మార్చడానికి హెడ్ దింపక్కర్లేదు, కాబట్టి "ఎలాగూ విప్పుతున్నాం" అనే మాట దానికి వర్తించదు. హెడ్ గ్యాస్కెట్ కిలోమీటర్లు చూసి పోదండి, ఎక్కువగా పోయేది ఇంజన్ వేడెక్కినప్పుడే. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది, వంగిన చోట పట్టు సడలుతుంది, అక్కణ్ణుంచి గ్యాసు నీళ్లలోకో, నీళ్లు ఆయిల్‌లోకో దారి చేసుకుంటాయి. బాగున్న హెడ్ దింపితే పాత ప్యాకింగ్ గీకేటప్పుడు లోతుగా ఒక్క గీత పడినా, బోల్టులు మధ్య నుంచి బయటికి వరస తప్పకుండా కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించకపోయినా, లేని లీకు కొత్తగా వస్తుంది. చాలా ఇంజన్లలో ఆ బోల్టులు సాగే రకం, ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. హెడ్ వంపు చూడాలి, తేడా ఉంటే లేత్‌కి పంపి ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలి. ఇదంతా ఏ జబ్బూ లేని ఇంజన్‌కి ఎందుకు?

రబ్బరువి వేరే సంగతి, వాటికి వయసు లెక్కే. టాపెట్ కవర్ ఊడదీశాక పాత ప్యాకింగ్ చేతిలోకి తీసుకుని వంచి చూడండి. కొత్తది వేలికి చుట్టుకుంటుంది, ఇన్నేళ్లు వేడి తిన్నది వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది, ఆనే వైపు గుండ్రం పోయి బల్లపరుపుగా అయిపోయి ఉంటుంది. మీకు కారుతున్నది అదే, తప్పకుండా మార్చండి. కారే ఆయిల్ వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మీద పడితే కమురు వాసనే కాదు, మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. బెల్ట్ తీసినప్పుడే క్యామ్ సీలు, ముందు క్రాంక్ సీలు (ఆ షాఫ్టుల చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) వేయించండి, ఎందుకంటే అవి కారితే ఆయిల్ కొత్త బెల్ట్ మీదే పడి దాన్ని పాడుచేస్తుంది. వాటర్ పంప్ కూడా బెల్ట్ వెనకే ఉన్న ఇంజన్ అయితే అదీ అప్పుడే. వెనక క్రాంక్ సీలు గేర్‌బాక్స్ దింపితే గానీ అందదు, అది క్లచ్ ప్లేట్లు మార్చే రోజుకి వదిలేయండి.

పాలకొల్లు_డీజిల్:
నేను పూర్తిగా ఒప్పుకోలేనండి. మా మావయ్య గారి బండికి చించినాడ వంతెన దాటాక రాత్రిపూట హెడ్ గ్యాస్కెట్ పోయింది, పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డారు. ముందే వేయించి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు కదా.

మండపేట_షెడ్డు:
అవస్థ నిజమేనండి, కాదనను. కానీ చాలాసార్లు అది చెప్పే పోతుంది. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఎక్కడా కారకుండా తగ్గిపోతుంటే, బండి స్టార్ట్‌లో ఉండగా రిజర్వ్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ తగ్గకపోతే అనుమానించాలి. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనబడితే చాలామంది గాభరాపడతారు గానీ, దగ్గర దూరాలే తిరిగే బండికి తేమ వల్ల కూడా అలా పడుతుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలరంగులోకి తిరిగితే అప్పుడు భయపడాలి. నీలం ద్రవంతో కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాసు ఉందో లేదో చూసే టెస్ట్ ఉంది, ఉంటే పసుపుకి తిరుగుతుంది. డబ్బు పెట్టాలనుకుంటే ముందు దాని మీద పెట్టండి.

అమలాపురం_లెక్చరర్:
ఇంకో మాట, మన ప్రాంతం వాళ్లకి ముఖ్యమైనది. రాజోలు గారూ, రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు? సముద్రం వైపు మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. ఎవరో ఒకరు బాటిల్‌తో ఆ నీళ్లు పోసేస్తారు. ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది, గట్టి నీళ్లకి రేడియేటర్ గొట్టాల్లో సున్నం కట్టి దారి మూసుకుపోతుంది, ఇక మే నెల ఎండలో రావులపాలెం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే సూది పైకి లేస్తుంది. హెడ్ గ్యాస్కెట్‌ని కాపాడాలంటే దాన్ని మార్చడం కాదు, కూలెంట్ మార్చాలి. పాతదంతా తీసేసి, బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించండి. రేడియేటర్ మూత రబ్బరు, థర్మోస్టాట్, ఫ్యాన్ సరైన వేడి దగ్గర తిరుగుతోందా, ఇవి చూపించండి. పీసీవీ వాల్వ్, అంటే ఇంజన్ లోపల చేరే గ్యాసుల్ని బయటికి వదిలే వాల్వ్, అది కూడా. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ అడుగు భాగంలో) ప్రెషర్ పెరిగి, ఎన్ని కొత్త సీళ్లు వేసినా మళ్లీ ఆయిల్ తోసేస్తుంది.

రాజోలు_ఐ10:
చాలా థాంక్సండి. డబ్బా మూత తీసి చూశాను, లోపల రంగే లేదు, మామూలు నీళ్లలా ఉన్నాయి. బెల్ట్, సీళ్లు, టాపెట్ ప్యాకింగ్, కూలెంట్ చేయిస్తా, హెడ్ వద్దని చెప్పేస్తా. టాపెట్ ప్యాకింగ్‌కి చుట్టూ సిలికాన్ రాస్తామంటున్నారు, రాయనివ్వచ్చా?

మండపేట_షెడ్డు:
చుట్టూ వద్దండి. రెండు భాగాలు కలిసే మూలల దగ్గర, మాన్యువల్‌లో చెప్పిన చోట మాత్రమే చుక్క పెట్టాలి. ఎక్కువ రాస్తే లోపలికి ఊడి పడి ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. గాడి, అంచు శుభ్రంగా తుడిచి పొడిగా వేయమనండి. ఆ చిన్న బోల్టులకి పెద్ద రెంచ్ వాడనివ్వకండి, చాలా బళ్లకి 10 న్యూటన్ మీటర్ల లోపే, అతిగా బిగిస్తే కవర్ వంగి మళ్లీ కారుతుంది. వారం తిరిగాక అంచు ఒకసారి తెల్లగుడ్డతో తుడిచి చూడండి, తడి తగిలితే వెంటనే తీసుకెళ్లండి.