మూటలతో శిల్పారామానికి వెళ్లాలి, బస్సు, మెట్రో దారి చెప్పండి

కొత్తవాడ మగ్గం:

నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. 31 ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాను. నేసింది సంఘానికో షావుకారుకో అప్పజెప్పడమే తప్ప, సరుకు పట్టుకుని నేనుగా ఎక్కడికీ వెళ్లింది లేదు. హైదరాబాదు ఇప్పటివరకు చూడలేదు. ఈసారి అక్కడ శిల్పారామంలో పది రోజులు దుకాణం పెట్టుకోవడానికి చోటు దొరికింది. నేనూ నా భార్యా వెళ్తున్నాం. మూటలు నాలుగు, బట్టల సంచి ఒకటి, వంట సామాను డబ్బా ఒకటి.

ఉప్పల్‌లో దిగి ఆటో మాట్లాడుకొమ్మని మా అబ్బాయి అంటున్నాడు. జంపఖానా మీద మిగిలే నాలుగు రూపాయలూ ఆటోకు పోస్తే ఇక వెళ్లడం దేనికి? బస్సు, మెట్రో చాలు మాకు.

దారి తప్పుతామని నాకు భయం లేదు. అడుగుతూ పోతే ఏ ఊరైనా దొరుకుతుంది. మెట్రో తలుపులు వాటంతట అవే మూసుకుంటాయట. నేను మూటలు ఎక్కించేలోపు తలుపు పడి ఆమె కింద ఉండిపోతే? ఆమెకు ఫోను లేదు, చదువు రాదు. దయచేసి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఉప్పల్‌లో ఉండే హనుమకొండవాడు:

అన్నా, ముందు మీకిచ్చిన కాగితంలో ఏ శిల్పారామం అని ఉందో చూడండి. పాతది, పెద్దది మాదాపూర్‌లో ఉంది. ఉప్పల్‌లోనూ ఒక చిన్న శిల్పారామం కట్టారు. మీరు ఉప్పల్‌లో దిగి ఊరికే ‘శిల్పారామం ఎటు’ అంటే ఇక్కడివాళ్లు దీనికే దారి చూపిస్తారు. ఆ రెంటి మధ్య నగరమంతా ఉంది.

మాదాపూర్ అయితే మీరు అనుకున్నంత కష్టం లేదు. హనుమకొండ బస్సు ఘట్‌కేసర్, బోడుప్పల్ దాటి ఉప్పల్ రింగ్ రోడ్డులో ఆగుతుంది. టికెట్టు అక్కడికే తీసుకోండి. చౌరస్తాలో ఏ వైపు నుంచి ఏ బండి వస్తుందో రోజూ చూసే మాకే అంతుపట్టదు, కింద రోడ్డు దాటే ప్రయత్నం చేయకండి. 2023లో అక్కడ స్కైవాక్ తెరిచారు. లిఫ్టులో పైకి వెళ్తే మెట్రో స్టేషను దాకా పైనుంచే నడిచిపోవచ్చు.

మెట్రోకు మూడు మార్గాలు. మీకు కావలసింది నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైను. ఉప్పల్ తర్వాత 20వ స్టేషను హైటెక్ సిటీ. అక్కడ దిగాలి, మధ్యలో రైలు మారే పని లేదు. ప్లాట్‌ఫారం ఎక్కే ముందే ‘రాయదుర్గం వైపు ఎటు’ అని అడగండి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు ఆఫీసులకు వెళ్లేవాళ్లతో ఈ రైలు నిండిపోతుంది. మధ్యాహ్నానికి ఉప్పల్ చేరేలా బయలుదేరండి.

ఇక మూటలు. లోపలికి వెళ్లేటప్పుడు సామానంతా యంత్రంలోంచి పంపిస్తారు. పెద్ద మూటలను ఆపేస్తారు. వంట డబ్బాలో కత్తి, చిన్న గ్యాస్ పొయ్యి లాంటివి ఉన్నా రానివ్వరు. అందుకని మూటలను ముందురోజే ఆర్టీసీ కార్గోలో వేయండి. హైదరాబాదులో ఏ కౌంటరు దగ్గర తీసుకోవాలో రాయించుకుని రసీదు జేబులో పెట్టుకోండి.

మీ అసలు భయానికి నా మాట ఇది. ఆమెను ముందు ఎక్కించి మీరు వెనక ఎక్కండి. ముందు పెట్టెలో ఆడవాళ్లకు వేరే చోటు ఉంటుంది, ఖాళీగా ఉంది కదా అని అటు పంపకండి. అమీర్‌పేటలో సగం రైలు దిగి అంతకు మించి ఎక్కుతుంది. తలుపు దగ్గరే ఉంటే మిమ్మల్నీ తోసుకుంటూ పోతారు, లోపలికి జరగండి. ఒకవేళ విడిపోతే ఏం చేయాలో ఇంట్లోనే అనుకోండి: కింద ఉండిపోయినవాళ్లు ఉన్నచోటి నుంచి కదలకూడదు, రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషనులో దిగి వెనక్కి రావాలి. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితేనే ప్రమాదం. ఆమె టికెట్టు ఆమె చేతికే ఇవ్వండి, బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర మళ్లీ కావాలి.

దిగిపోయిన కండక్టరమ్మ:

తమ్ముడూ, 22 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం. సూపర్ లగ్జరీ ఎక్కితే ఆమెకూ డబ్బు కట్టాలి, కాబట్టి ఎక్స్‌ప్రెస్ వచ్చేదాకా ఆగు. ఆధార్ కార్డు ఇంట్లో మరచిపోవద్దు. ఉచితమే కదా అని ఊరుకోకుండా సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి.

హైదరాబాదులో కొత్తవాళ్లు పొరబడేది ఇంకొకటి ఉంది. ‘మెట్రో ఎక్స్‌ప్రెస్’ అని రాసి ఉండేది సిటీ బస్సు, అందులో ఆడవాళ్లకు ఉచితం. మెట్రో రైల్లో ఉచితం లేదు, ఇద్దరికీ టికెట్టు తీసుకోవాలి. సిటీ బస్సు ఎక్కాల్సి వస్తే నంబరుతో పాటు చివరి అక్షరం కూడా చూడు. సికింద్రాబాదు నుంచి 10హెచ్, కోఠి నుంచి 127కె కొండాపూర్ వెళ్తాయి, రెండూ మాదాపూర్ మీదుగానే. వాటిలో ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. మధ్యలో జనం ఉంటే ఒకరికొకరు కనిపించరు. దిగే స్టాపు పేరు ఆమెతో నాలుగుసార్లు పలికించు. నీ ఫోను నంబరు కాగితం మీద రాసి కొంగున కట్టు. చదువు రానివాళ్లు తప్పిపోవడం నా సర్వీసులో చాలా తక్కువ చూశాను, వాళ్లు అడుగుతారు. తప్పిపోయేది మొగమాటపడి అడగనివాళ్లు.

కాజీపేట జంక్షన్:

రైల్లో వచ్చి సికింద్రాబాదులో దిగితే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది, అదీ నీలం లైనే. కూర్చుని రావచ్చు.

ఉప్పల్‌లో ఉండే హనుమకొండవాడు:

నిజమే. కాని తొలిసారి వచ్చేవాళ్లకు సికింద్రాబాదు స్టేషను రద్దీ కంటే ఉప్పల్ తేలిక.

కొత్తవాడ మగ్గం:

అన్నా, అక్కా, కాజీపేట సోదరా, క్షేమంగా చేరాం. కాగితం తీసి చూస్తే మాదాపూర్ అనే ఉంది. మూడు మూటలు కార్గోలో వేశాను. నాలుగోది విప్పి, నమూనాకు నాలుగు జంపఖానాలు మాత్రం చుట్టి చంకన పెట్టుకున్నాను.

యంత్రం దగ్గర ఉన్న అమ్మాయి ముడి విప్పమంది. విప్పాను. ఎర్ర అంచుది ఒకటి చేత్తో నిమిరి, ఎక్కడిదని అడిగింది. వరంగల్‌దమ్మా, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది అని చెప్పాను. ముడి మళ్లీ తనే వేయబోయింది గాని అది నేతవాడి ముడి, ఆమెకు రాలేదు.

నా భార్య చేసిన పని మీకు చెప్పాలి. 20వ స్టేషను అని అన్న రాసింది చదివి వినిపించాను. ఆమె కండెలోంచి మూరెడు నూలు తెంపి దానికి 20 ముళ్లు వేసింది. ఉప్పల్‌లో రైలు కదలగానే దారం చేతిలోకి తీసుకుంది. రైలు ఆగినప్పుడల్లా ఒక ముడి గోటితో విప్పుతుంది. అమీర్‌పేట వచ్చేసరికి మా ఇద్దరి మధ్యా ఇరవై మంది చేరారు. ఆమె ముఖం నాకు కనిపించలేదు. పైన కడ్డీ పట్టుకున్న చెయ్యి, ఆ వేళ్ల మధ్య వేలాడే దారం కనిపించాయి. అంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. హైటెక్ సిటీ అని రైల్లో తెలుగులో చెప్పే లోపే ఆమె జనాన్ని జరుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, అయిపోయాయి, దిగుదాం అంది.

మూటలు మరునాడు తెచ్చుకున్నాను, ఒక్కటీ తడవలేదు, చిరగలేదు. వచ్చే సోమవారం తిరుగు ప్రయాణం. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీలో ఎక్కితే నిలబడేందుకైనా చోటు ఉంటుందా?

ఉప్పల్‌లో ఉండే హనుమకొండవాడు:

ఆరింటికి వద్దన్నా, ఆఫీసులు వదిలే వేళ అది. మూడింటికల్లా బయలుదేరండి. అలా కుదరకపోతే ఒక స్టేషను వెనక్కి రాయదుర్గం వెళ్లి ఎక్కండి. రైలు మొదలయ్యేది అక్కడే, ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరుకుతాయి. అక్కకు మాత్రం 21 ముళ్లు వేసుకొమ్మని చెప్పండి.